తెలియకపోవడం బెంగగా మారిన తీరు: 'ఎన్యొరార్' అనే కటలాన్ క్రియ

స్పెయిన్ ఈశాన్య మూలనున్న కటలోనియాలోను, దానికి దక్షిణాన వాలెన్సియాలోను, మధ్యధరా సముద్రంలోని బలియారిక్ దీవుల్లోను, పిరనీస్ పర్వతాల నడుమనున్న అండోరాలోను వాడుకలో ఉన్న కటలాన్ భాషలో 'ఎన్యొరార్' అనే క్రియ ఉంది. దూరమైన మనిషి కోసమో, విడిచివచ్చిన ఊరి కోసమో, గడిచిపోయిన రోజుల కోసమో బెంగపడడం దాని అర్థం. పొరుగునున్న స్పానిష్ దీన్నే 'అన్యొరార్' రూపంలో అరువు తెచ్చుకుని, 'అన్యొరాన్సా' అనే నామవాచకంతో సహా తన సాహిత్య భాషలో కలుపుకుంది. ఈ క్రియకు మూలం లాటిన్‌లోని 'ఇగ్నోరారె'. ఆ లాటిన్ మాటకు ముఖ్యార్థం 'ఎరగకుండు, తెలియకపోవు' అనే. అందులో ప్రేమ లేదు, విరహం లేదు, ఇంటిమీద ధ్యాస లేదు. అజ్ఞానాన్ని చెప్పే మాట ఆర్తిని చెప్పే మాటగా ఎలా మారిందన్నది లాటిన్ నుంచి పుట్టిన రోమాన్స్ భాషల అర్థవిపరిణామ చరిత్రలో ఆసక్తికరమైన ప్రశ్నల్లో ఒకటి.

ముందుగా మూలం సంగతి చూడాలి. 'ఇగ్నోరారె'లో రెండు భాగాలున్నాయి: అభావాన్ని తెలిపే ఉపసర్గ ఒకటి, 'తెలియు' అనే అర్థమున్న 'గ్నో' ధాతువు ఒకటి. ఈ ధాతువు ఇండో-యూరోపియన్ భాషలన్నింటికీ ఉమ్మడి ఆస్తి. గ్రీకులో 'గిగ్నోస్కో', ఇంగ్లీషులో 'నో', సంస్కృతంలో 'జ్ఞా' దాని రూపాలే. సంస్కృతంలోని అభావార్థక 'అ', లాటిన్‌లోని 'ఇన్' కూడా ఒకే మూలం నుంచి చీలినవి కాబట్టి, లాటిన్ 'ఇగ్నోరారె', సంస్కృతం ద్వారా తెలుగుకు వచ్చిన 'అజ్ఞానం' అక్షరాలా తోబుట్టువులు. తెలుగు పాఠకుడికి ఇంతకన్నా దగ్గరి చుట్టరికం మరొకటుంది. మనం రోజూ వాడే 'జ్ఞాపకం' కూడా 'జ్ఞా' ధాతువు నుంచి పుట్టినదే. 'తెలిసేటట్టు చేసేది' అన్నది దాని వ్యుత్పత్త్యర్థం. అంటే తెలుగువారు స్మృతిని ఏ ధాతువు మీద నిలబెట్టారో, కటలాన్లు విరహాన్ని ఆ ధాతువు మీదే, కాకపోతే దాని అభావరూపం మీద, నిలబెట్టారు. ఇందులో ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నదేమీ లేదు. వేల ఏళ్ల కిందట విడిపోయిన దారులు రెండు చోట్ల రెండు రకాలుగా తేలాయి, అంతే.

ధ్వని మార్పు విషయంలో పేచీ లేదు. లాటిన్‌లోని 'గ్న' సంయుక్తం కటలాన్‌లోను స్పానిష్‌లోను తాలవ్యమైన 'న్య'గా, అంటే మన వర్ణమాలలోని ఞకారానికి దగ్గరి ధ్వనిగా, మారింది. కటలాన్ దీన్ని రెండక్షరాలతో రాస్తుంది. స్పానిష్ నకారం నెత్తిన చిన్న అలగీత పెట్టి రాస్తుంది. పిడికిలి అనే అర్థమున్న లాటిన్ 'పుగ్నుస్' కటలాన్‌లో 'పుఞ్', స్పానిష్‌లో 'పున్యో' అయింది. కట్టెలనే అర్థమున్న 'లిగ్నా' ఒకచోట 'ల్యెన్యా', మరొకచోట 'లెన్యా' అయింది. రక్తసంబంధి అనే అర్థమున్న 'కొగ్నాతుస్' రెండు భాషల్లోను బావ, బావమరిది, మరిది వరసలకు మాటగా స్థిరపడింది. ఇదే దారిలో 'ఇగ్నోరారె'లోని 'గ్న' మెత్తబడి, తొలి ఇకారం ఎకారమై, 'ఎన్యొరార్' వచ్చింది. తెలుగులో 'సంజ్ఞ' ప్రాకృతాల నోట నలిగి 'సన్న' అయి 'కనుసన్న'లో మిగలడం, 'యజ్ఞం' 'జన్నం' కావడం తెలిసినవారికి ఈ మార్పు కొత్తగా తోచదు. హల్లుల ముడి ఎక్కడైనా జనం నోట్లో వదులవుతూనే ఉంటుంది.

తత్సమ, తద్భవ విభాగం ఎరిగిన పాఠకుడికి ఇక్కడ ఇంకొక సౌలభ్యం ఉంది. కటలాన్‌లోను స్పానిష్‌లోను 'ఇగ్నొరార్' అనే మాట కూడా విడిగా ఉంది. అది పండితులు లాటిన్ గ్రంథాల నుంచి నేరుగా ఎత్తుకున్న తత్సమం. దాని అర్థం ఇప్పటికీ 'తెలియకపోవడం' అనే. 'ఎన్యొరార్' జనం నోట తరతరాలుగా అరిగి వచ్చిన తద్భవం. ఒకే మాట పుస్తకాల దారిన వచ్చినప్పుడు బుద్ధికి సంబంధించినదిగా మిగిలి, ఇళ్ల దారిన వచ్చినప్పుడు మనసుకు సంబంధించినదిగా మారింది. తెలుగులో 'యాత్ర', దాని తద్భవమైన 'జాతర' ఇలాగే విడిపోయాయి. జాతరకు వెళ్లేవాడు యాత్రకు వెళ్తున్నానని ఎన్నడూ అనుకోడు. ఇంగ్లీషు ఇదే లాటిన్ క్రియను తీసుకుని చివరికి మరో గట్టుకు చేర్చింది. తెలుగు మాటల్లో కూడా చొరబడిన 'ఇగ్నోర్ చేయడం' అంటే తెలిసి తెలిసీ పట్టించుకోకపోవడం. ఒకే మూలం నుంచి పుట్టిన రెండు క్రియల్లో ఒకటి కావాలని మరవడాన్ని, రెండోది మరుద్దామన్నా మరవలేకపోవడాన్ని చెబుతున్నాయి.

అసలు చిక్కు అర్థంలో ఉంది. దీనికి వ్యుత్పత్తి శాస్త్రజ్ఞులు చెప్పే వివరణ సూటిగా ఉంటుంది. లాటిన్ క్రియకు మనిషిని కర్మగా చేసి వాడినప్పుడు, 'ఫలానావాడి సంగతి తెలియకపోవడం' అనే అర్థం వస్తుంది. ఆ మనిషి ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియని స్థితి అది. ఎదుట లేని మనిషి విషయంలో ఆ స్థితి ఆందోళన కాకుండా ఉండదు. సమాచారం లేకపోవడం మొదట, దానివల్ల కలిగే దిగులు తరువాత. వాడుకలో ఈ రెండూ విడదీయలేనంతగా కలిసిపోయి, కొన్నాళ్లకు మొదటిది జారిపోయి రెండోదే మిగిలింది. కారణాన్ని చెప్పే మాట కార్యాన్ని చెప్పే మాటగా మారడం అర్థవిపరిణామంలో అరుదేమీ కాదు.

ఈ వివరణకు బలం చేకూర్చే సంగతి ఒకటుంది: ఉత్తరాలే దిక్కైన కాలంలో ఎడబాటు అంటేనే ఎరుక తెగిపోవడం. కటలాన్ మాట్లాడేవారి చరిత్రలో సముద్రం పెద్ద పాత్ర వహించింది. 1229లో మయోర్కా దీవిని, 1238లో వాలెన్సియాను, కటలోనియాను కూడా ఏలిన అరగాన్ రాజు మొదటి జేమ్స్ జయించాడు. 1282లో సిసిలీ, 1320లలో సార్డీనియా ఆ రాజ్యం చేతికి వచ్చాయి. సార్డీనియాలోని అల్గేరో పట్టణంలో 14వ శతాబ్దంలో దింపిన వలసదారుల భాష ఈనాటికీ కొంతమేరకు వినబడుతూనే ఉంది. బార్సెలోనా వర్తకులు అలెగ్జాండ్రియా దాకా సరుకులు తీసుకుపోయారు. ఓడ రేవు దాటిన తరువాత ఇంట్లోవారికి నెలల తరబడి కబురుండదు. అయితే ఇక్కడ ఆగి ఒక మాట చెప్పుకోవాలి. 'ఎన్యొరార్' నావికుల ఇళ్లలో పుట్టిందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. ఊహ అందంగా ఉండడం వేరు, రుజువు ఉండడం వేరు. కబురు లేని ఎడబాటు ఆ కాలంలో జీనువాలోను, లిస్బన్‌లోను కూడా ఉంది. అయినా ఆ భాషలు ఈ దారి పట్టలేదు. సమాజ పరిస్థితి ఒక అర్థమార్పుకు వీలు కల్పిస్తుందే గాని, దాన్ని తప్పనిసరి చేయదు.

కొత్త మాట అవసరం ఎందుకు పడిందన్న ప్రశ్నకు మాత్రం లాటిన్‌లోనే కొంత జవాబు దొరుకుతుంది. లాటిన్‌లో ఈ పనికి 'దేసిదెరారె' అనే క్రియ ఉండేది. ఉండవలసినది లేదని గుర్తించడం, ఆ లేమికి బాధపడడం రెండూ దాని అర్థాలే. రోమన్ సేనాని సీజర్ గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) యుద్ధాల గురించి రాస్తూ, క్రీ.పూ. 52లో గెర్గోవియా దగ్గర ఎదురుదెబ్బ తిన్న రోజున ఏడు వందలకు కాస్త తక్కువ మంది సైనికులు 'దేసిదెరాతి' అని లెక్క చెబుతాడు. అంటే సాయంత్రం దండులో లెక్క చూసుకుంటే కనబడనివారు. అక్కడ ఆ మాటలో కన్నీరు లేదు, సైన్యాధికారి పద్దు మాత్రమే ఉంది. అదే క్రియ నుంచి వచ్చిన 'దేసిదెరియుమ్' ఆప్తుడు పోయినప్పటి శోకానికి కవుల నోట కూడా పలికింది. ఆ మాటలో 'సీదుస్', అంటే నక్షత్రం, ఉన్నదని, చుక్కలు కనబడక దిక్కుతోచని స్థితి దాని తొలి అర్థమని చెప్పే వ్యుత్పత్తి చాలా ప్రసిద్ధం. అయినా దాన్ని తేలిన విషయంగా తీసుకోకపోవడం మంచిది. తేలినదేమిటంటే, కాలక్రమంలో ఈ క్రియ వెనుకచూపు మానేసి ముందుచూపు పట్టింది. పోయినదానికి బాధపడడం నుంచి రావలసినదాన్ని కోరడానికి మారింది. ఫ్రెంచి 'దెజీరే', ఇటాలియన్ 'దెజిదెరారె' ఇప్పుడు కోరికను చెబుతాయి, ఎడబాటును కాదు. అలా ఖాళీ అయిన చోటును రోమాన్స్ భాషలు తలా ఒక సామగ్రితో పూడ్చుకున్నాయి. కటలాన్ తీసుకున్న సామగ్రి తెలియకపోవడం. మిగిలినవి వేరే దారులు పట్టాయి.

వాటిలో అన్నిటికన్నా వింతైనది స్పెయిన్‌లో ఈనాటికీ నిత్యవ్యవహారంలో ఉన్న 'ఎచార్ దె మేనొస్'. ఒకరు లేని లోటు అనుభవించడానికి అక్కడివారు ఈ పలుకుబడినే వాడతారు. దాన్ని మాటకు మాట విడదీస్తే 'తక్కువగా విసరడం' అని వస్తుంది, అందులో తలా తోకా ఉండదు. దీని వెనుక ఉన్నది పోర్చుగీసు 'అచార్ మేనొస్', అంటే 'తక్కువగా కనుగొనడం'. లెక్క పెట్టి చూసుకుంటే ఒకటి తగ్గిందని తెలియడం దాని తొలి అర్థం. సీజర్ పద్దులోని భావమే మళ్లీ ఇక్కడ పుట్టింది. పాత స్పానిష్‌లో కూడా కనుగొనడానికి 'హల్యార్' అనే తన క్రియతో కట్టిన ఇలాంటి పలుకుబడే ఉండేది. కాని పొరుగు భాష నుంచి చెవిన పడిన 'అచార్'ను జనం తమకు తెలిసిన 'ఎచార్'గా, అంటే విసరడంగా, అనుకున్నారు. తరువాత మధ్యలో 'దె' అనే విభక్త్యంశం కూడా వచ్చి చేరింది. 'అచార్'కు మూలమైన లాటిన్ క్రియకు ఊపిరి ఊదడమని అర్థం. వాసన పట్టి జాడ తీయడం మీదుగా అది కనుగొనడానికి మారిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఒక్క పలుకుబడి వెనుక ఊపిరి, వాసన, లెక్క, పొరపాటు ఇన్ని పొరలున్నా, మాడ్రిడ్‌లో తల్లికి ఫోను చేసి ఆ మాట చెప్పే మనిషికి వీటిలో ఒక్కటీ గుర్తు రాదు, రానక్కరలేదు కూడా.

అట్లాంటిక్ దాటి మెక్సికోకో అర్జెంటీనాకో వెళ్తే అదే స్పానిష్‌లో 'ఎస్త్రన్యార్' వినబడుతుంది. ఇది 'బయటివాడు, పరాయివాడు' అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ఒకప్పుడు దేశం నుంచి వెళ్లగొట్టడమని దీని అర్థం, నిఘంటువులు ఆ అర్థాన్ని ఇప్పటికీ నమోదు చేస్తాయి. వింతగా తోచడమన్నది మరొక అర్థం, స్పెయిన్‌లో ఎక్కువగా వినబడేది అదే. అలవాటైన మనిషో వస్తువో లేకపోయేసరికి చుట్టూ అంతా కొత్తగా, పరాయిగా అనిపించడం మీదుగా బెంగ అనే అర్థం వచ్చింది. తెలియకపోవడం, పరాయిగా తోచడం రెండూ దగ్గరి భావాలే కాబట్టి, 'ఎన్యొరార్' నడిచిన దారికి ఇది పక్కదారి అనుకోవచ్చు.

ఫ్రెంచి, ఇటాలియన్ భాషల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. రెండూ 'లోటుపడు' అనే అర్థమున్న క్రియను తీసుకుని, దూరంగా ఉన్న మనిషిని కర్తగా చేశాయి. 'నువ్వు నాకు లోటుపడుతున్నావు' అన్నది వాటి వాక్యనిర్మాణం. రుమేనియన్‌లో 'దోర్' అనే నామవాచకం ఉంది. అది నొప్పి అనే అర్థమున్న లాటిన్ మాట సంతానం, దాన్ని చతుర్థీ విభక్తిలోని అనుభోక్తకు, అంటే ఆ భావాన్ని అనుభవించేవాడికి, తగిలించి 'నాకు నీ దోర్ ఉంది' అన్నట్టుగా పలుకుతారు. తెలుగులో 'నాకు బెంగగా ఉంది' అన్నప్పుడు బెంగపడేవాడు కర్త స్థానంలో లేకపోవడంతో దీనికి మంచి పోలిక ఉంది. కటలాన్ వాక్యం మాత్రం ఈ రెండు రకాలకూ భిన్నం. అందులో బెంగపడేవాడే కర్త, దూరమైనవాడు నేరుగా కర్మ. 'నేను నిన్ను ఎరగను' అనే పాత వాక్యపు చట్రం అర్థం మారాక కూడా చెక్కుచెదరలేదు. అర్థవిపరిణామం జరిగినప్పుడు వాక్యనిర్మాణం తరచు పాత ఇంటి ఆనవాలుగా మిగులుతుందనడానికి ఇది చక్కని ఉదాహరణ.

ఇలాంటి బెంగనే చెప్పే పోర్చుగీసు మాట 'సౌదాద్' దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇలాంటి మాటల చుట్టూ అల్లుకునే గర్వానికి అది తొలి ఆనవాలు. ఒంటరితనం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి 'సొయిదాదె', 'సుయిదాదె' మొదలైన రూపాల మీదుగా ఆ మాట ఇప్పటి రూపానికి వచ్చింది. 1433 నుంచి 1438 వరకు పోర్చుగల్‌ను ఏలిన దువార్తె రాజు తన నీతిగ్రంథంలో ఈ భావాన్ని దుఃఖం నుంచి, విసుగు నుంచి వేరుచేసి వివరిస్తూ, దీనికి సాటివచ్చే మాట లాటిన్‌లో గాని మరే భాషలో గాని కనబడదని రాశాడు. అంటే 'మా మాట మరే భాషలోకీ రాదు' అన్న వాదానికి దాదాపు ఆరు వందల ఏళ్ల వయసుంది. ఆ తరువాత గలీషియన్లు, రుమేనియన్లు, కటలాన్లు అందరూ తమ తమ మాటల గురించి ఇదే అన్నారు. ఇన్ని భాషలు ఒకే భావం తమ ఒక్కరి సొత్తే అని చెప్పుకుంటున్నప్పుడు, ఆ భావం అందరిదీ అని అనుకోవడమే సబబు. భాషకూ భాషకూ తేడా ఉన్నది భావాన్ని చేరుకున్న దారిలో, దాన్ని వాక్యంలో నిలబెట్టిన తీరులో.

ఇక 'ఎన్యొరార్' స్పానిష్‌లోకి వెళ్లిన కథ. మధ్యయుగాల నుంచి కటలాన్‌లో ఉన్న ఈ క్రియ స్పానిష్‌కు చేరింది మాత్రం బాగా ఆలస్యంగా, 19వ శతాబ్దం చివరి దశకాల్లో. ఈ ప్రయాణంలో తొలి అచ్చు ఎకారం నుంచి అకారమైంది. ఇందులో రహస్యమేమీ లేదు. బార్సెలోనాతో సహా తూర్పు కటలాన్ మాండలికాల్లో ఊనిక లేని, అంటే నొక్కి పలకని, ఎకారం, అకారం రెండూ ఒకే అస్పష్టమైన అచ్చుగా పలుకుతాయి. ఊనిక లేని ఒకారం ఉకారమవుతుంది. క్రియ చివరి రకారం వినబడనే వినబడదు. కాబట్టి ఎకారంతో రాసిన ఆ మాట బార్సెలోనావాసి నోట దాదాపు 'అన్యురా' అని వినబడుతుంది. స్పానిష్‌వారు రాతను కాక పలుకును పట్టుకున్నారన్న సంగతి తొలి అకారంలో కనబడుతుంది. తరువాతి ఒకారం మాత్రం రాతకు తగ్గట్టే ఉంది. అంటే చెవి కొంత, కన్ను కొంత పనిచేశాయి.

ఆ కాలంలోనే ఈ మాట ఎందుకు గడప దాటిందన్నదానికి కటలాన్ సాహిత్య పునరుజ్జీవనంతో సంబంధం కనబడుతుంది. దాని ఆరంభానికి గుర్తుగా చెప్పుకునే రచన 1833లో బార్సెలోనా పత్రికలో వెలువడిన ఒక గేయం. దాన్ని రాసిన బొనావెంతూరా కార్లెస్ అరిబౌ అప్పుడు మాడ్రిడ్‌లో ఒక బ్యాంకరు దగ్గర ఉద్యోగి. సొంత నేల కొండలను, చిన్ననాటి పలుకును దూరం నుంచి తలచుకోవడమే ఆ గేయంలోని విషయం. ఒక సాహిత్యోద్యమానికి మొదటి మెట్టే ఊరి మీది బెంగ కావడం గమనించదగ్గది. ఆ శతాబ్దం రెండో సగంలో జసింత్ వెర్దగెర్ రాసిన 'వలసపోయినవాడు' అనే పాట కటలోనియాలో ఇంటింటికీ చేరింది. ఆయన 1870ల మధ్యలో క్యూబాకు నడిచే ఓడల్లో పురోహితుడిగా పనిచేసి, బతుకుతెరువుకు సముద్రం దాటేవారిని దగ్గరగా చూశాడు. ఆ పాట పల్లవిలో, నీ నుంచి దూరమైనవాడు 'ఎన్యొరాన్సా'తో, అంటే బెంగతో, చనిపోతాడని మాతృభూమితో చెప్పడం ఉంది. అమదేవు వివెస్ స్వరపరచిన తరువాత ఆ మాట పాడని గాయకబృందం కటలోనియాలో లేకుండా పోయింది. అప్పటి కటలాన్ రచయితల్లో చాలామంది స్పానిష్‌లోనూ రాసేవారు, వారి రాతలను మాడ్రిడ్ చదివేది. 'అన్యొరాన్సా' స్పానిష్ కలాలకు ఎక్కడానికి ఈ రాకపోకలు చాలు.

అరువు వెళ్లిన మాటకు అంతస్తు మారింది. కటలాన్‌లో అది వంటింటి మాట, పిల్లల మాట. స్పానిష్‌లో అది రచయితల మాట. స్పానిష్‌లో మనిషి మీద బెంగపడితే స్పెయిన్‌లో ఒకటి, అమెరికా ఖండంలో ఒకటి వాడుక క్రియలు సిద్ధంగా ఉన్నాయని పైన చూశాం. 'అన్యొరార్' చేతికి వచ్చేది తిరిగిరాని వాటి గురించి రాసేటప్పుడు: బాల్యం, పోయిన ఇల్లు, మారిపోయిన ఊరు, గతించిన కాలం. స్పానిష్ అకాడమీ నిఘంటువు కూడా దాన్ని అతి ప్రియమైనదాని లేమిని, నష్టాన్ని బాధతో తలచుకోవడంగా నిర్వచిస్తుంది. ఆ నిర్వచనంలో 'తలచుకోవడం' ప్రధానం. ఎరగకపోవడంతో మొదలైన మాట చివరికి గుర్తుంచుకోవడంగా నిర్వచితమైంది. రెండు వేల ఏళ్లలో అది తన తొలి అర్థానికి సరిగ్గా ఎదురు గట్టున తేలిందన్నమాట.

ఈ వ్యుత్పత్తిని ప్రపంచ పాఠకులకు పరిచయం చేసిన ఘనత చాలావరకు చెక్ దేశం వదిలి ఫ్రాన్స్‌లో స్థిరపడిన నవలాకారుడు మిలన్ కుందేరాది. 2000లో మొదట స్పానిష్ అనువాదంగా వెలువడి, 2003లో ఫ్రెంచిలో వచ్చిన ఆయన నవల పేరే 'అజ్ఞానం'. అందులో ఆయన ఈ కటలాన్ క్రియనే ఆధారం చేసుకుని, దూరదేశంలో ఉన్నవాడి బెంగ తెలియకపోవడం వల్ల కలిగే బాధ అని వాదిస్తాడు. నవలకు అది గొప్ప ఊతం. అయితే ఒక భాషలోని ఒక క్రియ పుట్టుకను మనిషి భావానికే నిర్వచనంగా తీసుకోవడం వ్యుత్పత్తి మీద మోయలేని బరువు పెట్టడమే అవుతుంది. అదే తర్కంతో పోతే రుమేనియన్ల బెంగ నొప్పి, పోర్చుగీసువారిది ఒంటరితనం, స్పెయిన్‌వారిది లెక్క తప్పడం కావాలి. 'నొస్టాల్జియా' అన్న మాటను చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. ఇంటికి తిరిగిరావడం, బాధ అనే రెండు గ్రీకు మాటలను కలిపి 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి తన పరిశోధనా వ్యాసంలో దాన్ని తయారుచేశాడు. ఇల్లు వదిలిన స్విస్ యువకులకు పట్టుకున్న జబ్బుకు అది పేరు. ఇప్పుడు ఆ మాటను పాత సినిమా పాటలకు వాడేవారెవరూ జబ్బు గురించి మాట్లాడటం లేదు.

కుందేరా వాదం సరిగ్గా అతికేది ఒక్క సందర్భానికి, అది కటలాన్ చరిత్రలోనే ఉంది. 1939 తొలినాళ్లలో కటలోనియా అంతర్యుద్ధంలో గెలిచి స్పెయిన్ నియంత అయిన ఫ్రాంకో సైన్యాల వశమైనప్పుడు దాదాపు అయిదు లక్షల మంది పిరనీస్ దాటి ఫ్రాన్స్‌లోకి వెళ్లిపోయారు. ఆ తరువాత ఏళ్ల తరబడి బడుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో కటలాన్‌కు చోటు లేకపోయింది. ఆధునిక కటలాన్‌కు వ్యాకరణాన్ని, 1932లో నిఘంటువును సమకూర్చిన పొంపేవు ఫాబ్రా 1948లో ప్రాదా అనే చిన్న పట్టణంలో ప్రవాసిగానే కన్నుమూశాడు. ఆ పట్టణం ఫ్రాన్స్‌లో ఉన్నా, 1659 నాటి సంధితో ఫ్రాన్స్‌కు వెళ్లిన కటలాన్ నేల అది. కటలాన్ కవితా పోటీలు 1941 నుంచి 1977 దాకా బ్యూనస్ ఐరిస్‌తో మొదలుపెట్టి దేశదేశాల్లో ప్రవాసంలోనే జరిగాయి. 'ఎన్యొరార్' వ్యుత్పత్తిని సాధికారంగా వివరించిన జుఆన్ కొరొమినెస్ కూడా ఆ తరం ప్రవాసే. అర్జెంటీనాలోని మెందోసాలో, 1946 తరువాత చికాగో విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ ఆయన స్పానిష్ వ్యుత్పత్తి నిఘంటువును నాలుగు సంపుటాలుగా 1954, 1957 మధ్య వెలువరించాడు. సెన్సారు కళ్లు దాటి వచ్చే ఉత్తరాల కోసం ఎదురుచూసిన మనిషికి, ఈ క్రియ పుట్టుకలో వార్త తెలియకపోవడం ఉన్నదని రాయడం పుస్తక పాండిత్యం ఒక్కటే అయి ఉండదు. అయితే ఆయన నిర్ణయానికి ఆధారం అనుభవం కాదు, ధ్వనిసూత్రాలు, పాత ప్రయోగాలు. ఆ ఆధారాలు ఈనాటికీ నిలిచే ఉన్నాయి.

ఇప్పటి వాడుకలో ఈ క్రియకు రెండు రూపాలున్నాయి. ఒకటి సకర్మకం: ఒకరి మీద, ఒకదాని మీద బెంగపడడం. రెండోది కర్త మీదే తిరిగే ఆత్మార్థకం: బెంగపెట్టుకోవడం. దీనికి ఎవరి మీద అన్నది చెప్పనక్కరలేదు. వేసవి శిబిరానికి మొదటిసారి వెళ్లిన పిల్ల రాత్రి నిద్రపోకుండా ఏడుస్తుంటే, చూసేవారు ఆ ఆత్మార్థక రూపంలోనే 'పిల్ల బెంగపెట్టుకుంది' అంటారు. పోయిన తాళంచెవులకు, అల్మరాలో కనబడని పుస్తకానికి ఈ క్రియ పనికిరాదు. వాటికి 'త్రొబార్ అ ఫల్తార్', అంటే లోటుగా కనుగొనడం, అనే పలుకుబడి వేరే ఉంది. ఈ రెండో పలుకుబడి ఇటీవలి కాలంలో మనుషుల విషయంలో కూడా బాగా వినబడుతున్నది. పోర్చుగీసు నుంచి స్పానిష్‌కు వెళ్లిన పాత పలుకుబడిలోని భావమే అందులోనూ ఉన్నది. అయినా రెండూ సమానం కావు. వారం రోజులు సెలవులో ఉన్న తోటి ఉద్యోగికి 'త్రొబార్ అ ఫల్తార్' సరిపోతుంది, చనిపోయిన అమ్మమ్మకు 'ఎన్యొరార్' కావాలి. రోజూ వీడియో కాల్‌లో కనబడే కొడుకుతో బార్సెలోనా తల్లి అదే క్రియ అంటుంది. ఆ కొడుకు ఏ ఊళ్లో ఉన్నాడో, పొద్దున ఏం తిన్నాడో ఆమెకు తెలుసు.